హిస్టరీ చదువుతూ ఆర్కైవిస్ట్ ఉద్యోగానికి ఎలా ప్రిపేర్ అవ్వాలి? (తిరుపతి)

తిరుచానూరు అమ్మాయి
ఎస్వీయూలో ఎంఏ హిస్టరీ మొదటి సంవత్సరం చదువుతున్నా. ఇంట్లో బీఎడ్ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. నాకేమో పాత రికార్డుల పని మీదే మనసు. ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి? ఈ లైన్లో ఉన్న అన్నలు, అక్కలు చెప్పండి ప్లీజ్.

పాకాల జంక్షన్
చెల్లీ, ముందు కోర్సు సంగతి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా ఉంది. ఎంఏలో ఆధునిక భారత చరిత్ర పేపర్లు వదలకు, అక్కడ పనికొస్తాయి. యూపీఎస్సీ ఆర్కైవిస్ట్ పోస్టులు ఎప్పుడో గానీ పడవు, పడినా కొన్నే. అవొక్కటే నమ్ముకోవద్దు. పుణేలో రిజర్వ్ బ్యాంక్ ఆర్కైవ్స్ ఉంది. మనకు దగ్గర్లో బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) సైన్స్ చరిత్ర ఆర్కైవ్స్ ఉంది, అక్కడ ఇంటర్న్‌షిప్‌లు ఇస్తారు.

నగరి రోడ్డు
కోర్సు తర్వాత చూద్దువు గానీ, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాగితాలు ఎక్కడున్నాయో ముందు తెలుసుకోమ్మా. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో ఉండేవి, మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. అందుకే చంద్రగిరి వైపు పాత రెవెన్యూ రికార్డు కావాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ మెట్లెక్కాల్సిందే.

తిరుమల సంగతే చూడు. 1801 నుంచి 1843 దాకా గుడి వ్యవహారం ఈస్టిండియా కంపెనీ కలెక్టర్ల చేతిలో ఉంది. తర్వాత హథీరాంజీ మఠం మహంతులు చూశారు. 1933 నుంచి దేవస్థానం కమిటీ. గుడి ఒకటే, కాగితాలు పుట్టిన చోట్లు మూడు. "తిరుమల గురించి ఏముంది?" అని వెతికితే సగం దొరకదు. "ఈ పని అప్పట్లో ఏ ఆఫీసు చూసేది?" అని వెతకాలి. హిస్టరీ వాళ్లకు కాగితాలన్నీ టాపిక్ ప్రకారం సర్దేయాలనిపిస్తుంది. ఆర్కైవ్స్‌లో అది చేయకూడదు. ఒక ఆఫీసు కట్టలో ఇంకో ఆఫీసు కాగితం కలపకూడదు, వచ్చిన వరస చెదరకూడదు. నా మటుకు ఈ పనికి ప్రాణం అదే.

తమిళం చదవడం కూడా నేర్చుకో.

మాడవీధి
తమిళం మంచిదే గానీ అన్నా, కంపెనీ కాలపు కలెక్టర్ల ఉత్తరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఆ చేతిరాత చదవడం వస్తే ముందు గట్టెక్కుతావు. తెలుగులో అయితే గొలుసుకట్టు రాత. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు, కలం ఎత్తకుండా రాసుకుంటూ పోయారు. ఇంట్లో తాతల నాటి దస్తావేజులుంటే రోజుకో పేజీ ఎత్తి రాయి. వాటిలో ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) కనిపిస్తే 590 కలుపు: ఫసలీ 1330 అంటే 1920 జులై నుంచి 1921 జూన్ దాకా. శక సంవత్సరానికి 78 కలపాలి.

కాగితం పట్టుకోవడమూ నేర్చుకోవాలి. తుప్పు పట్టిన గుండుసూదిని లాగావంటే చుట్టూ ఉన్న కాగితం అప్పడంలా విరిగి చేతికొస్తుంది. సూదికీ కాగితానికీ మధ్య పలచటి పాలిస్టర్ ఫిల్మ్ ముక్క దూర్చి మెల్లగా పైకి లేపాలి. చిరిగిన చోట సెల్లోటేప్ అస్సలు వద్దు. జిగురు పసుపెక్కి అక్షరాలను తినేస్తుంది. పేజీ నంబర్లు పెన్సిల్‌తోనే వేయాలి.

తిరుచానూరు అమ్మాయి
చాలా థాంక్స్! తాటాకులు కూడా చూడాలనుంది. డిజిటైజేషన్ కోర్సు అంటూ ఒకచోట బోలెడంత ఫీజు చెబుతున్నారు, చేరమంటారా?

నగరి రోడ్డు
స్కానర్ నడపడానికి అంత డబ్బెందుకమ్మా? కష్టమంతా వివరం రాయడంలో ఉంది: ఎవరు తయారుచేశారు, ఏ సంవత్సరాలవి, ఎన్ని కాగితాలు, ఏ స్థితిలో ఉన్నాయి. మీ ఇంటి దస్తావేజుల కట్టకే ఎక్సెల్‌లో లిస్టు చేసి చూడు. ఆర్కైవ్స్ వివరాలు ఎక్కించే ఏటామ్ (AtoM) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంట్లో ఎక్కించు. ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు చూపించడానికి అదే పనికొస్తుంది.

మాడవీధి
తాటాకులకు మీ క్యాంపస్‌లోనే ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, 1939లో దేవస్థానం మొదలుపెట్టింది. గంటంతో గీసిన అక్షరాలు మసి రాస్తేనే స్పష్టంగా తేలతాయి. మసి, నిమ్మగడ్డి నూనె పూసే పని తెలిసినవాళ్ల పక్కన నిలబడి చూడు, నీ అంతట నువ్వు చేయకు.

పాకాల జంక్షన్
ఎగ్మోర్ వెళ్లేటట్టయితే హెచ్‌ఓడీ గారి లెటర్, ఆధార్ జిరాక్స్, పెన్సిళ్లు పెట్టుకో చెల్లీ. ముందు ఉత్తర ఆర్కాటు రికార్డుల కేటలాగు అడిగి, చంద్రగిరి తాలూకా ఏ సంపుటాల్లో ఉందో రాసుకుని రా. వచ్చాక ఇక్కడ పెట్టు, మాకూ కావాలి.