ఎంగిలి అంటే ఏమిటని అడిగితే ఏం చెప్పాలి?

పోయిన సంక్రాంతికి నాతో పనిచేసే జర్మన్ మిత్రుడొకాయన తెనాలి దగ్గర మా ఊరు వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు, జేబులో ఎప్పుడూ చిన్న నోటుపుస్తకం. గుమ్మంలోకి రాగానే అమ్మ "ముందు కాస్త ఎంగిలిపడు బాబూ, కబుర్లు తర్వాత" అంది. తినమంటోందని చెప్పాను. మరి ఎంగిలి అంటే? నోటికి తగిలినది అన్నాను. రెండూ పక్కపక్కనే రాసుకుని, ఉన్న నాలుగు రోజులూ ఆ మాట వెంటే తిరిగాడు.

నాన్న చెంబు పెదవికి తగలకుండా నీళ్ళు ఎత్తిపోసుకుంటాడు. అమ్మ వడ్డించేటప్పుడు గరిటె కంచానికి తగలనివ్వదు. పులుసులో ఉప్పు చూడాలంటే అరచేతిలో చుక్క వేసుకుని నాలుకకి రాసుకుని, వెంటనే చెయ్యి కడిగేసుకుంటుంది. తింటూ మళ్ళీ వడ్డించుకోవాలంటే ఎడమచెయ్యే. ఇవన్నీ అతను చూపిస్తేనే నాకు కనబడ్డాయి. "కుడిచెయ్యి నోట్లో పెట్టలేదు, అన్నంలోనే కదా పెట్టావు?" అన్నాడు. నిజమే, కంచంలో పెడితే చాలు, ఎంగిలే. ఉమ్ము అన్నా చాలదు, మురికి అన్నా తప్పే.

మూడోరోజు మా చెల్లెలి కొడుకు సగం వదిలేసిన పెరుగన్నం అమ్మ తినేసింది. అతను పుస్తకం తీశాడు. "పసివాడిది ఎంగిలేమిటి నాయనా!" అంది అమ్మ. అప్పుడు కాకెంగిలి గుర్తొచ్చి చెప్పాను. జామకాయ మీద చొక్కా అంచు కప్పి కొరికితే నేస్తానికి నిక్షేపంగా పెట్టొచ్చు. గుడ్డ ఆపేదేమీ లేదు. పెట్టాలని ఉంది, అందుకో దారి కావాలి, అంతే. ఆ మాట నాకు అంతకుముందెప్పుడూ ఇంత ముద్దుగా అనిపించలేదు.

వెళ్ళే రోజు పొద్దున, వంటింటి కిటికీలో విడిగా ఉన్న స్టీలు గ్లాసు చూపించి అది ఎవరిదన్నాడు. గిన్నెలు తోమే ఆవిడది. మా అందరి ఎంగిలి కంచాలూ ఆవిడే తోముతుంది. ఆవిడ టీ తాగిన గ్లాసు మాత్రం మిగతావాటిలో కలవదు. పుట్టినప్పటినుంచీ ఆ కిటికీ చూస్తున్నాను. అదీ ఎంగిలేనా అన్నాడు. కాదు, కులం అని చెప్పాను. అతను బయల్దేరాక ఆ గ్లాసు తెచ్చి మా గ్లాసుల వరసలో బోర్లించాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు.

తమిళంలో ఎచ్చిల్, కన్నడంలో ఎంజలు, హిందీలో జూఠా ఉన్నాయి. తిను అనడానికి ఎంగిలిపడు అన్నట్టు వాటిలోనూ అంటారా? తెలిసినవారు చెప్పండి.

జవాబు: తమిళం సంగతి నాకు తెల్వదు గానీ, మా కరీంనగర్ దిక్కు బతుకమ్మ మొదటి రోజును ఎంగిలిపూల బతుకమ్మ అంటం. పెత్రమాస, అంటే భాద్రపద అమాస నాడు. ముందురోజే తెంపి తెచ్చి పెట్టుకున్న పూలతోటి పేరుస్తరు గనక ఆ పేరని మా అవ్వ చెప్పేది. నోటికి తగిలిందే ఎంగిలి అంటే ఈ పూలకు కుదరదు సార్.

జవాబు: నిజమేనండీ, నా అర్థం ఇక్కడ ఆగిపోయింది. నిలవున్న పూలు ఎంగిలి అయినప్పుడు, మీ వైపు రాత్రి మిగిలిన అన్నాన్ని కూడా ఎంగిలి అంటారా, లేక సద్దేనా?