మైపాడు ఫొటో: బ్రౌన్-హెడెడ్ గల్లా, బ్లాక్-హెడెడ్ గల్లా?

పెన్నా_గట్టు:
మైపాడు బీచ్‌లో పొద్దున పడవల దగ్గర తీసిన ఐదు గల్ (సముద్రపు పిట్ట) ఫొటోలు పెట్టినా. తల తెలుపు, చెవి దగ్గర నల్ల మచ్చ, ముక్కూ కాళ్లూ ఎరుపు. చలికాలంలో రెండు జాతులూ ఇట్టనే ఉంటాయి గదా? మూడో ఫొటోలో కన్ను నల్లగా ఉందని బ్లాక్-హెడెడ్ అని రాసుకున్నా. కరెక్టేనా?

ఉప్పుకయ్య:
కన్ను చూసి తేల్చబాకండి. ఎదిగిన బ్రౌన్-హెడెడ్‌కి కన్ను లేతగా, బ్లాక్-హెడెడ్‌కి ముదురుగా ఉంటది, నిజమే. కానీ మన తీరంలో పొద్దున సూర్యుడు సముద్రం వైపుంటాడు. ఒడ్డు నుంచి తీస్తే పిట్ట మొహం నీడలో పడి ఏ కన్నయినా నల్లగానే వస్తది.

రెక్క చూడండి. అదే మూడో ఫొటోలో రెక్క కొస బాగా నలుపు, ఆ నలుపులో రెండు తెల్ల మచ్చలు. వాటిని మిర్రర్స్ అంటారు. అది ఎదిగిన బ్రౌన్-హెడెడ్, అనుమానం లేదు. బ్లాక్-హెడెడ్‌కైతే రెక్క ముందంచు వెంబడి తెలుపు కొస దాకా సాగతది, నలుపు ఈకల చివర్లలో సన్నంగా మిగులుతది. మన వైపు ఎక్కువ కనపడేదీ బ్రౌన్-హెడెడే.

పేర్లు నమ్ముకుంటే మునిగినట్టే. మార్చిలో తలంతా ముదురు రంగు ముసుగు వచ్చాక బ్లాక్-హెడెడ్ తల కూడా చాక్లెట్ రంగే! బ్రౌన్-హెడెడ్‌ది ఇంకొంచెం లేత, మెడ దగ్గర అంచు మాత్రం నలుపు.

కొత్తపట్నం_రేవు:
ఒకటి కలుపుతా. తోక చివర నల్ల పట్టీ ఉంటే మొదటి చలికాలం పిల్ల. బ్రౌన్-హెడెడ్ పిల్లకి మిర్రర్స్ ఉండవు, కన్నూ ముదురే; అందుకే జనం దాన్ని బ్లాక్-హెడెడ్ అనేస్తారు. కొస మొత్తం నలుపైతే బ్రౌన్-హెడెడ్, ముందంచున తెలుపుంటే బ్లాక్-హెడెడ్. సైజు తేడా మూడు నాలుగు సెంటీమీటర్లే, రెండూ పక్కపక్కన నిలబడితే తప్ప పనికిరాదు. ముక్కు మందం కొంత నయం, బ్రౌన్-హెడెడ్‌ది లావు.

ఫొటోకి సాయంత్రం మూడున్నర తర్వాత పోండి, ఎండ మీ వీపు వైపుంటది. షట్టర్ 1/2000, ఎక్స్‌పోజర్ −0.7. వెలుగెక్కువై తెలుపు కాలిపోతే రెక్క ముందంచు ఆకాశంలో కలిసిపోతది, ఇక గుర్తుపట్టలేం. పిట్ట పక్కకి వాలి తిరిగేటప్పుడు బర్స్ట్ (వరసగా ఫొటోలు) కొట్టండి, రెక్క పైభాగం అప్పుడే దొరికేది.

పెన్నా_గట్టు:
మూడోది మార్చేశా అన్నా. ఐదో దానికి తోక పట్టీ ఉంది, రెక్క ముడిచే ఉంది. ఏం రాయాలి?

ఉప్పుకయ్య:
ముక్కు కూడా మసగ్గా ఉంది. ఈబర్డ్‌లో (పిట్టల్ని నమోదు చేసే సైట్) జాతి పేరు లేకుండా ఉత్త గల్ అని వేసి వదిలేయండి.