పడవ నడిపే సరంగు లాంటి స్పేస్‌షిప్ కెప్టెన్ ఉన్న సినిమా చెబుతారా?

మాది సఖినేటిపల్లి. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో కెప్టెన్ల నాయకత్వం మీద ఎంబీఏ సెమినార్ ఒప్పుకుని ఇరుక్కుపోయాను. 1979 నాటి ‘ఏలియన్’ ఒక్కటే శ్రద్ధగా చూశాను. ముఖానికి ఏదో జీవి పట్టేసిన మనిషిని తెచ్చి, స్పేస్‌షిప్ తలుపు తీయమంటాడు కెప్టెన్ డల్లాస్. 24 గంటల క్వారంటైన్ రూలుందని లోపలున్న ఆఫీసర్ రిప్లీ ఒప్పుకోదు. (చివరికి తీసింది ఇంకొకడు, అది వేరే కథ.) అదే డల్లాస్ తర్వాత ఆ జీవిని తరమడానికి గాలి గొట్టాల్లోకి తనే దూరతాడు, ఎవర్నీ పంపడు. ఈయన మంచి నాయకుడా, కాదా?

నరసాపురం రేవులో మా పెదనాన్న పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ) సరంగు. వశిష్ఠ గోదావరికి వరదొస్తే ఎవరు బతిమాలినా కట్టు విప్పేవాడు కాదు. అలాంటి మొండి కెప్టెన్ ఏ సినిమాలో ఉన్నాడండీ? శుక్రవారమే సెమినార్, ఒకటే టెన్షన్.