రెండు గ్యాలన్ల స్ప్రేయర్‌లో తొమ్మిది లీటర్ల నీళ్లు ఎలా పడుతున్నాయి?

పెరటితోట: వంగ మొక్కలకు లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున వేపనూనె కొట్టాలి. స్ప్రేయర్ మీద 2 గ్యాలన్లని ఉంది, లోపల క్వార్టుల గీతలే ఉన్నాయి. గ్యాలన్‌కు 3.785 లీటర్ల లెక్కన 7.57 లీటర్లు పట్టాలి కానీ, సీసాతో కొలిచి పోస్తే తొమ్మిది లీటర్లు దాటాకే పై గీత అందుతోంది. పొద్దుటి నుంచి ఇదే పని. నూనె ఎంత కలపాలో దయచేసి చెప్పండి.

కొలమానం: గ్యాలన్‌కు 4 క్వార్టులు, క్వార్టుకు 2 పైంట్లు. మీ సీసా కొలత సరిచూసుకోండి.

వేపచెట్టు: కొలత కంటే ముందు చూడవలసింది నూనె నీటిలో కలిసిందా అన్నది. నూనెను ముందుగా కొద్దిపాటి సబ్బునీటిలో బాగా గిలకొట్టి, ఆ తర్వాతే నీళ్లలో పోయాలి. లేకపోతే అది పైకి తేలి, ఒక మొక్కకు ఎక్కువగా, మరొక మొక్కకు తక్కువగా పడి ఆకులు మాడతాయి.

గోదారిగట్టు: స్ప్రేయర్ ఏ దేశానిది?

పెరటితోట: మేము టొరంటో దగ్గర ఉంటున్నాము. పాత యజమానులు షెడ్డులో వదిలి వెళ్లినది.

గోదారిగట్టు: ఆ సంగతి ముందే చెప్పవలసింది. మెట్రిక్ కొలతలు రాకముందు కెనడాలో వాడినది బ్రిటిష్ గ్యాలన్. 1824 నాటి చట్టం దానిని 10 పౌన్ల నీరు పట్టే పరిమాణంగా నిర్ణయించింది, అది 4.546 లీటర్లు. అమెరికా వారు అంతకుముందు ద్రాక్షసారాకు వాడిన 231 ఘనపుటంగుళాల గ్యాలన్‌నే ఉంచుకున్నారు. మీ స్ప్రేయర్‌లో పట్టేది 9.09 లీటర్లు కనుక 45 మి.లీ. నూనె కావాలి, అంటే క్వార్టుకు సుమారు 5.7 మి.లీ. హైదరాబాద్ నీటి సరఫరాలో ఎంజీడీ (రోజుకు మిలియన్ గ్యాలన్లు) అన్నప్పుడు కూడా ఈ పెద్ద గ్యాలనే.

కొలమానం: గ్యాలన్‌కు 128 ఔన్సులే. ఔన్సు 28.35 గ్రాములు.

గోదారిగట్టు: గ్రాములలో చెప్పేది బరువు ఔన్సు, ఇక్కడ కావలసింది ద్రవ ఔన్సు. అది అమెరికాలో 29.57 మి.లీ., గ్యాలన్‌కు 128. బ్రిటిష్ లెక్కలో 28.41 మి.లీ., గ్యాలన్‌కు 160.

కొలమానం: డబ్బాల మీద ఉత్త ఔన్సు అనే రాస్తారు.

గోదారిగట్టు: ద్రవాల డబ్బాల మీద ద్రవ ఔన్సు అనే ఉంటుంది, చూడండి.

పెరటితోట: 45 మి.లీ. పోశాను. ధన్యవాదాలు.

వేపచెట్టు: సబ్బునీరు కలిపారా? ఎండ తగ్గాకే కొట్టండి.