గుట్ట అదే, ఇసుక అదే: ఇంటికైతే సరే, ఫ్రాకింగ్‌కైతే వద్దా?

రాళ్లపిచ్చి:
అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని వినోనా కౌంటీ (మన జిల్లా లాంటిది) 2016లో ఫ్రాకింగ్ ఇసుక తవ్వకాన్ని నిషేధించింది. ఫ్రాకింగ్ అంటే చమురు, గ్యాస్ కోసం భూమి లోపలి రాయిని పగలగొట్టడం. ఇళ్లకీ రోడ్లకీ వాడే ఇసుకైతే తవ్వుకోవచ్చట! అంతర్రాష్ట్ర వ్యాపారానికి అడ్డమని ఇసుక కంపెనీ కోర్టుకెళ్తే, 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా కౌంటీ పక్షానే నిలిచింది. గుట్ట అదే, తవ్వే యంత్రం అదే. ఇసుక ఎటు పోతుందన్నదాన్ని బట్టి తవ్వకం మంచిదో చెడ్డదో ఎలా తేలుతుంది? ఫ్రాకింగ్ మీద కోపం ఇసుక మీద తీర్చుకున్నారంతే.

గట్టుమీదపిల్లి:
కాదండీ. ఇంటి ఇసుకకి గిరాకీ చుట్టుపక్కల ఊళ్లవరకే. ఫ్రాకింగ్‌లో ఒక్కో బావికే వేల టన్నులు పోస్తారు. నీళ్లూ ఇసుకా కలిపి విపరీతమైన ఒత్తిడితో లోపలికి కొడితే రాయి పగులుతుంది. ఆ పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులే గుంజల్లా నిలబడాలి. అందుకే గుండ్రంగా, గట్టిగా ఉండే క్వార్ట్జ్ ఇసుక కోసం పక్క రాష్ట్రమైన విస్కాన్సిన్ పడమటి గుట్టల మీద పడ్డారు. తవ్వితే అయిపోదు. కడగాలి, ఆరబెట్టాలి, జల్లించాలి, రైలెక్కించాలి. మామూలు ఇసుక గుంత దగ్గర ఇంత తతంగం ఎక్కడుంటుంది?

గూడూరోడు:
మాది చిల్లకూరు వైపు. మా సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకి పోతుంది, ఫ్రాకింగ్‌కి కాదు. అయినా లారీలు తిరిగే రోజుల్లో మా అమ్మ దండెం మీది బట్టల్ని రెండుసార్లు దులిపితేగానీ మడత పెట్టేది కాదు.

రాళ్లపిచ్చి:
గూడూరు బ్రదర్, బట్టల మీద కనబడే దుమ్ము వేరు. ఊపిరితిత్తుల అడుగుకి చేరే సిలికా కంటికి ఆననంత సన్నం. గనిలో పనిచేసేవాళ్లకి సిలికోసిస్ (ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ముప్పు నిజమే, కాదనను. కంచె బయట ఉండే ఊరివాళ్లకి మాత్రం జబ్బులొచ్చే అవకాశం తక్కువని 2016లో విస్కాన్సిన్‌లో చేసిన ఒక అధ్యయనం తేల్చింది.

గట్టుమీదపిల్లి:
సరే, దుమ్ము పక్కన పెడదాం. 2018 మేలో విస్కాన్సిన్‌లోని వైట్‌హాల్ దగ్గర ఒక గనిలో బుల్డోజర్ జారి, ఇసుక కడిగిన నీళ్ల చెరువులో పడింది. డ్రైవర్ రెండు గంటలకు పైగా కేబిన్‌లోనే ఇరుక్కుపోయాడు. అతణ్ని కాపాడటానికి దాదాపు కోటి గ్యాలన్ల బురదనీళ్లు వదిలేశారు. మనిషి బతికాడు, అదే ముఖ్యం. కానీ ఆ బురదంతా వెళ్లి ట్రెంపలో నదిలో కలిసింది, నీళ్లు నారింజ రంగుకి తిరిగాయి. ఇల్లు కట్టుకునే ఇసుకకి అంత చెరువెందుకు?

రైల్వేగేటు:
నేనుండేది విస్కాన్సిన్‌లోనే. ఉద్యోగాలొచ్చాయి, అబద్ధం చెప్పను. మా పక్కింటాయన ఈ ఇసుకని నమ్ముకునే లారీ కొన్నాడు. 2017 నుంచి టెక్సాస్‌లో చమురు బావుల పక్కనే ఇసుక తవ్వడం మొదలైంది. నాణ్యత కాస్త తక్కువైనా రైలు ఖర్చు మిగులుతుందిగా! ఇక్కడ గనులు ఒక్కోటీ మూతపడ్డాయి, కొన్ని కంపెనీలు దివాలా తీశాయి. లారీ వాయిదాలు మాత్రం ఆగలేదు.

రాళ్లపిచ్చి:
అది మార్కెట్ సంగతి. గని మూతపడితే నేల బాగుచేయడానికి ముందే పూచీ డబ్బు కట్టించుకుంటారు కదా?

రైల్వేగేటు:
కట్టించుకుంటారు. దాంతో వాలు సరిచేసి, పైమట్టి పరిచి, గడ్డి నాటుతారు. పోయిన గుట్టని తెచ్చి పోయరు.

రాళ్లపిచ్చి:
ఇంటి ఇసుక తవ్విన గుట్టని మాత్రం ఎవరు తెచ్చి పోస్తున్నారండీ? నా మొదటి ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.