ఈమధ్య ఆడిన ఆటలు: మనల్నే తేల్చుకోమనేవి ఇంకేమున్నాయి?

కాకినాడ_సర్వేయర్

అందరికీ నమస్కారం. నేను కాకినాడ పోర్టులో కార్గో సర్వేయర్‌ని. ఓడకెక్కించే బియ్యం బస్తాల్లో తడిసినవి ఎన్ని, తడిపింది వాన నీరా, సముద్రపు నీరా, లోపల పట్టిన చెమ్మా అని తేల్చి రిపోర్టు రాయడం నా పని. రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్‌లో కాసేపు ఆడుకుంటాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి భారీ ఆటల జోలికి పోను. ఈమధ్య ఆడినవాటి గురించి నాకనిపించింది రాస్తున్నాను. చివర్లో ఒక ప్రశ్న ఉంది.

వాంపైర్ సర్వైవర్స్: గుంపులుగా మీదికొచ్చే రాక్షసుల మధ్య మనం కదిలితే చాలు, ఆయుధాలు వాటంతటవే పనిచేస్తాయి. అరగంట గడిచేసరికి తెర నిండా రంగులూ అంకెలూ. ఆడుతున్నంతసేపూ హుషారుగా ఉంటుంది, లాప్‌టాప్ మూశాక ఏమీ గుర్తుండదు.

స్టార్‌డ్యూ వ్యాలీ: పొలం సాగుచేసుకునే ఆట. బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడు. ఆ ఓపికకు దండం పెట్టాలి. కాకులు పంట తింటాయి, పిడుగు పడుతుంది, కానీ పండించినదాని ధర మాత్రం పడిపోదు. కోనసీమలో కొబ్బరి రేటు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ భరోసాకే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఆడుతోంది.

హేడీస్: పాతాళంలోని ఇంటి నుంచి పోరాడుతూ తప్పించుకునే ఆట. చచ్చిన ప్రతిసారీ ఆ ఇంటికే తిరిగొస్తాం, ఇంట్లోవాళ్లు కొత్త కబురేదో చెబుతారు. అందుకే ఓడినా విసుగు రాదు. చేతివేగం తక్కువున్నవాళ్లు మొహమాటపడకుండా గాడ్ మోడ్ పెట్టుకోండి. చచ్చినకొద్దీ మనకు తగిలే దెబ్బ తీవ్రత తగ్గుతుంది.

ఇక రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్. లూకాస్ పోప్ 2018లో విడుదల చేశాడు. 1807లో ఈస్టిండియా కంపెనీకి పనిచేసే ఓడ ఒకటి మనుషులెవరూ లేకుండా ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవుకు తిరిగొస్తుంది. మనం కంపెనీ తరఫున బీమా లెక్క తేల్చడానికి ఓడెక్కిన ఇన్స్పెక్టర్. చేతిలో ఒక గడియారం ఉంటుంది. శవం దగ్గర దాన్ని తెరిస్తే, ఆ మనిషి చనిపోయిన క్షణం మన చుట్టూ నిలబడిపోతుంది. ముందు కొన్ని మాటలు వినిపిస్తాయి, తర్వాత ఆ దృశ్యంలో నడుస్తూ చూడాలి. మొత్తం 60 మంది పేర్లు, వాళ్లకేమైందో పుస్తకంలో నింపాలి. ముగ్గురి వివరాలు సరిగ్గా కుదిరితేనే ఆట అవునని చెబుతుంది, కాబట్టి గుడ్డిగా ఊహించి గట్టెక్కలేం. నావికుల జాబితాలో మన దేశంవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను గుర్తుపట్టినప్పుడు కలిగిన తృప్తి వేరు. బొమ్మంతా రెండే రంగులు, చుక్కలతో గీసినట్టు ఉంటుంది, పాత కంప్యూటర్ల తెరలాగా. నా పని ఎలా ఉంటుందో ఇంత బాగా తెలిసిన ఆట ఇంకోటి చూడలేదు: జరిగిందేదో జరిగిపోయాక చేరుకుంటాం, మిగిలిన ఆనవాళ్లతోనే మాట్లాడాలి.

ప్రశ్న ఇదే. బాణం గుర్తులు పెట్టి దారి చూపించకుండా, ఆనవాళ్లిచ్చి మనల్నే తేల్చుకోమనే ఆటలు ఇంకేమున్నాయి? మీరు ఈమధ్య ఆడినవి ఎలా ఉన్నాయో కూడా రాయండి.

డల్లాస్_రాత్రిబడి

సర్వేయర్ గారూ, మీకు చెప్పాల్సింది అవుటర్ వైల్డ్స్. 2019లో వచ్చింది. చిన్న అంతరిక్ష నౌకలో ఎక్కడికైనా వెళ్లొచ్చు, 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటికి. ఆయుధాలు, లెవెళ్లు లాంటివేమీ పోగుపడవు. తెలుసుకున్నది మాత్రమే మిగులుతుంది. ఒక గ్రహం నుంచి పక్క గ్రహానికి ఇసుక పారుతూ ఉంటుంది, ముందు వెళ్తే ఒక దారి, ఆలస్యంగా వెళ్తే ఇంకో దారి తెరుచుకుంటుంది. రాతలు చదివేటప్పుడు టైం ఆగేలా సెట్టింగ్ ఉంది, అది ముందే పెట్టుకోండి, టెన్షన్ తగ్గుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా నడవడం మాత్రం కష్టం. దీని గురించి యూట్యూబ్‌లో ఏమీ చూడకండి, తెలిసిపోతే ఆట అయిపోయినట్టే.

హనుమకొండ_జోకర్

అన్నా, నాకు ఓబ్రా డిన్ సగంలో ఆగిపోయింది. ఎవరు ఐరిష్, ఎవరు స్కాటిష్ అని యాస విని పట్టుకోవాలంటే మనకెట్ల తెలుస్తది?

నేనిప్పుడు బలాట్రో ఆడుతున్న. పేకముక్కలతో పోకర్ చేతులు (జతలు, వరసలు లాంటి కలయికలు) కట్టాలి, జోకర్లు లెక్కను మారుస్తయి. ఇది కూడా తేల్చుకునే ఆటే అంటాను, ఎందుకంటే ముక్కలు వేయకముందు ఎంత స్కోరొస్తదో చూపించదు. జోకర్లను ఎడమ నుంచి కుడికి లెక్కేస్తది, కూడేవి ముందు, గుణించేవి వెనక పెడితే స్కోరు ఎక్కడికో పోతది. మా ఇంట్లో పేకలు చూసి ముందు కోప్పడ్డరు. ఇందులో పైసల పందెం లేదని కూర్చోబెట్టి చూపించిన. యూరప్‌లో వయసు రేటింగిచ్చే పెగీ కూడా అంతకుముందు 18 అన్నదాన్ని 2025లో 12కు తగ్గించింది. ఫోన్లో కూడా ఉంది.

టొరంటో_సుధ

నేను ఆటలు తక్కువగా ఆడతాను. మా అమ్మాయితో కలిసి వెన్‌బా పూర్తిచేశాను. ఇక్కడి టొరంటో స్టూడియోనే 2023లో తెచ్చింది. 1980ల చివర్లో కెనడా వచ్చిన తమిళ కుటుంబం, అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో పేజీలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. మొదటి వంట ఇడ్లీ. పుస్తకంలో లేని భాగాన్ని మనమే ఆలోచించి వండాలి. ఇడ్లీ రేకులు ఎలా పేర్చాలో అమ్మాయికి తట్టలేదు, నా చేతులకు దానంతటదే తెలిసిపోయింది. ఆటలోని కొడుకు ఇంట్లో అమ్మ భాషకు ఇంగ్లీషులో జవాబిచ్చే చోట మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. రెండు గంటల్లోపే అయిపోతుంది, అంత చిన్నదానికి ఆ ధర ఎందుకని కొందరంటారు. నాకు మాత్రం ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు. లాప్‌టాప్ పాతదైనా నడుస్తుంది అన్నయ్యా.

కాకినాడ_సర్వేయర్

అందరికీ థాంక్స్. సుధమ్మా, చెరిగిపోయిన అక్షరాలు అన్నారు కదా, నాకు కావాల్సింది సరిగ్గా అదే. ముందు వెన్‌బా కొంటాను.

డల్లాస్ గారూ, మా బావమరిది దగ్గర పీఎస్4 (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్) ఉంది, అందులో అవుటర్ వైల్డ్స్ దొరుకుతుంది. పండక్కి వచ్చినప్పుడు అడుగుతాను.

తమ్ముడూ, యాసను పక్కన పెట్టి ఓబ్రా డిన్ మళ్లీ తెరువు. నావికులు పడుకునే ఉయ్యాల మంచాలకు నంబర్లున్నాయి, అవి జాబితాలోని నంబర్లే. ఎవరు ఏ బట్టలు వేసుకున్నారు, ఎవరు ఎప్పుడూ ఎవరి పక్కన ఉంటారు అనేది చూడు. ముఖం మసకగా ఉందంటే అతణ్ణి తేల్చడానికి సరిపడా ఆనవాళ్లు ఇంకా దొరకలేదని అర్థం, అప్పుడు తలబద్దలు కొట్టుకోకుండా ముందుకు వెళ్లు. నేను కొంతమందిని చెప్పుల తీరు చూసి పట్టుకున్నాను. ఎక్కడ ఆగావో చెప్పు, పేర్లు బయటపెట్టకుండా ఏ డెక్కు మీద వెతకాలో చెబుతాను.