అజరయ్య బిషప్ గారి మీద ఒక పేజీ: ఈ వాక్యం వేసేయొచ్చా?

తిరుపతి సంచిక
చర్చి క్రిస్మస్ సంచికకు చేతికొచ్చిన కాగితంలో ఇలా ఉంది: "తెలుగువాడైన అజరయ్య, భారతదేశపు తొలి బిషప్, సీఎస్ఐ దోర్నకల్ అధ్యక్షులు." అలాగే అచ్చుకిచ్చేయొచ్చా? మన చిత్తూరు సంఘాలతో ఆయనకు సంబంధం ఉందని ఒక ముక్క కలపమంటున్నారు.

పాతరికార్డు
ఆగండి సార్, ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. ఆయన తమిళులు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి వైపు వెళ్లాలన్‌విళైలో పుట్టారు, తెలుగు తర్వాత నేర్చుకున్నది. "తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్" అనాలి (ఆంగ్లికన్ అంటే ఇంగ్లండు చర్చి శాఖ). కేరళ సిరియన్ సంఘాల్లో, కేథలిక్కుల్లో అప్పటికే మనవాళ్లు బిషప్పులుగా ఉన్నారు. ఇక సీఎస్ఐ (ఆంగ్లికన్, ఇతర ప్రొటెస్టెంటు సంఘాలు కలిసిన దక్షిణ భారత సంఘం) ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఆయన 1945 జనవరి 1నే పోయారు. 1919 తరంగంబాడి సమావేశం నుంచీ ఆ ఐక్యత కోసం పాటుపడి, చివరికి దాన్ని చూడలేదు. ఈ ముక్క మాత్రం వదలకండి.

దోర్నకల్ దారి
వరస ఇలా పెట్టుకోండి: 1895లో వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) కార్యదర్శి, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకుల్లో ఒకరు (మనిషీ మనవాడే, డబ్బూ మనదే, అజమాయిషీ మనదే అన్నది దాని పట్టుదల), 1909లో గురువుగా అభిషేకం, 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సమావేశంలో ప్రసంగం, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం. చాలామంది 1909ని ఎగరగొట్టేసి వైఎంసీఏ నుంచి నేరుగా బిషప్‌ని చేసేస్తారు. అట్లా కుదరదు. డీకన్ (తొలి మెట్టు), ప్రీస్టు (గురువు) అయ్యాకే బిషప్. ఆ అభిషేకానికీ కనీసం ముగ్గురు బిషప్పులు చేతులుంచాలి.

ఫొటో వేస్తే దోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్‌దే వేయండి: గుడి మండపం తరహా స్తంభాలు, పైన మసీదు తరహా గుమ్మటాలు. ప్రతిష్ఠ 1939 జనవరి 6, అంటే ఎపిఫనీ (జ్ఞానులు బాలయేసును దర్శించిన) పండగ రోజే. స్వయంగా తీసుకోవాలంటే కృష్ణా ఎక్స్‌ప్రెస్ తిరుపతి నుంచి ఆ దారినే పోతుంది.

పాతరికార్డు
చిత్తూరు ముక్క కలపొద్దు. ఇక్కడ పనిచేసింది ఆర్కాట్ మిషన్, అంటే అమెరికా రిఫార్మ్డ్ చర్చి. వాళ్ల పద్ధతిలో బిషప్పే ఉండరు, పెద్దల సభలదే పెత్తనం. ఆ సంఘాలకు బిషప్ అనే మాట వచ్చిందే 1947లో సీఎస్ఐలో కలిశాక.

తిరుపతి సంచిక
సరే అన్నా, ఆ ముక్క తీసేశా. "ఎపిస్కోపల్ బిషప్" అని శీర్షిక పెట్టొచ్చా?

దోర్నకల్ దారి
వద్దు. అది అమెరికాలోని ఆంగ్లికన్ చర్చి పేరు. పైగా మెథడిస్టు ఎపిస్కోపల్ అని ఇంకో చర్చి కూడా ఉండేది, దాంతో కలిసిపోతుంది. "దోర్నకల్ బిషప్" చాలు.